కుండమార్పిడి

మా నాయనమ్మ కాలంలో కుండమార్పిడి పెళ్ళిళ్ళని ఉండేవి. మా పిల్లని మీవాడికిస్తాం, మీ పిల్లని మావాడికివ్వండి అని రెండిళ్ళ పెద్దలూ అరుగుమీద కూర్చుని తేల్చేసేవారు. కట్నాల బెడద లేదు, లాంఛనాల తగువు లేదు. ఇటు కుండ అటు, అటు కుండ ఇటు. కుండల్ని సంప్రదించే ఆచారం మాత్రం లేదు.

మా చిన్నత్తయ్యని అలాగే ఇచ్చారు. బదులుగా ఆ ఇంటి పిల్ల మా బాబాయిని కట్టుకుని మాకు పిన్నయింది. ఆ తర్వాత నలభై ఏళ్ళపాటు రెండిళ్ళలోనూ ఒకటే చర్చ: ఈ బేరంలో ఎవరు బాగుపడ్డారు? "పాడావునిచ్చి వట్టిపోయినదాన్ని తెచ్చుకున్నాం" అని నాయనమ్మ గొణిగేది. పిన్నికి మగపిల్లాడు పుట్టిన ఏడాది మేం గెలిచాం. అత్తయ్య పొదుపువల్ల అత్తవారికి రెండెకరాలు కలిసొచ్చిన ఏడాది వాళ్ళు గెలిచారు. పండక్కీ పబ్బానికీ చుట్టాలు చేరి ఈ లెక్క మళ్ళీ మొదటినుంచీ వేసేవారు.

ఈ పాత కథ నాకెక్కడ గుర్తొచ్చిందో చెబితే మీరు నవ్వుతారు. అమెరికాలో, బోస్టన్ పక్కన, మా తమ్ముడింటి హాల్లో, టీవీలో బేస్‌బాల్ వస్తుండగా.

2023 ఆగస్టు 25, శుక్రవారం సాయంత్రం. బోస్టన్ రెడ్ సాక్స్ వాళ్ళకీ, లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ వాళ్ళకీ ఆట. మా తమ్ముడు, వాడి ఆఫీసులో పనిచేసే గుంటూరబ్బాయి, పక్కింటి అమెరికా పెద్దాయన, ముగ్గురూ సోఫాలో సర్దుకున్నారు. నేను పకోడీల పళ్ళెం పట్టుకొచ్చేసరికి డాడ్జర్స్ తరఫున మూకీ బెట్స్ అనే ఆటగాడు బ్యాటు పట్టుకుని వస్తున్నాడు. బోస్టన్ జనమంతా లేచి నిలబడి చప్పట్లు కొడుతున్నారు.

"ఎదుటి జట్టువాడికి ఇంత మర్యాదేమిట్రా?" అన్నాను.

"వాడు మనవాడే అక్కా. 2020లో మనవాళ్ళే వదులుకున్నారు. ఆ తర్వాత ఇక్కడ ఆడటం ఇదే మొదలు" అన్నాడు తమ్ముడు, ఇంటిల్లిపాదికీ జరిగిన నష్టంలాగా. అంతే, తేనెతుట్టె కదిలింది. పకోడీలు చల్లారిపోయాయిగాని చర్చ చల్లారలేదు.

నాకు అర్థమైనంతవరకూ సంగతి ఇది. బెట్స్‌ని బోస్టన్ వాళ్ళు 2011లో ఎంచుకున్నారు. కుర్రాడు పైకొచ్చి 2018లో ఆ లీగుకే అత్యుత్తమ ఆటగాడయ్యాడు. జట్టు కూడా ఆ ఏడాది వరల్డ్ సిరీస్ గెలిచింది. దీర్ఘకాలపు ఒప్పందం మాటలు కుదరలేదు. 2020 సీజన్ అయ్యాక అతను స్వేచ్ఛగా ఎక్కడికైనా పోవచ్చు. అక్కడ జీతాల మొత్తం ఒక హద్దు దాటితే క్లబ్బు అదనంగా పన్ను కట్టుకోవాలి. అందుకని 2020 ఫిబ్రవరిలో బోస్టన్ వాళ్ళు అతన్ని లాస్ ఏంజిలిస్‌కిచ్చేసి, బదులుగా ముగ్గురు కుర్రాళ్ళని తీసుకున్నారు: అలెక్స్ వెర్డూగో, జీటర్ డౌన్స్, కానర్ వాంగ్. డేవిడ్ ప్రైస్ అనే పేరున్న పిచర్ని కూడా బెట్స్‌కి తోడిచ్చి, ప్రైస్ జీతంలో సగం మేమే కడతామన్నారు. మనవాళ్ళు పెళ్ళికూతురి వెంట అరణం పంపినట్టన్నమాట.

మా తమ్ముడిది ఒకటే పాట, అది తెలివితక్కువ బేరమని. బెట్స్ వెళ్ళిన ఏడాదే డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు. 2020 జూలైలోనే అతనితో 12 ఏళ్ళకి 36 కోట్ల 50 లక్షల డాలర్ల ఒప్పందం రాసుకున్నారు. ఇటొచ్చిన ముగ్గురిలో డౌన్స్ 2022 డిసెంబరుకే బోస్టన్ వదిలాడు. ఇంకా చోద్యమేమిటంటే, ఆ అబ్బాయికి జీటర్ అని పేరు పెట్టింది బోస్టన్‌కి ఆజన్మశత్రువైన న్యూయార్క్ యాంకీస్ జట్టు వీరుడి పేరట!

గుంటూరబ్బాయి మేధావి. ల్యాప్‌టాప్ తెరిచి, ఎవరివల్ల ఎన్ని ఆటలు గెలిచారో, ఒక్కో గెలుపుకి ఎంత ఖర్చయిందో లెక్కలు తీశాడు. "ఏడాది ఆగితే ఉత్త చేతులతో మిగిలేవాళ్ళం. ముగ్గురినైనా రాబట్టారు. అప్పటి పరిస్థితుల్లో ఆ మార్పిడి సబబే" అన్నాడు.

పక్కింటి పెద్దాయన నూరేళ్ళ వెనక్కి వెళ్ళాడు. 1919 డిసెంబరు చివర ఇదే బోస్టన్ క్లబ్బు యజమాని హ్యారీ ఫ్రేజీ, బేబ్ రూత్‌ని లక్ష డాలర్లకి యాంకీస్‌కి అమ్మేశాడు. 1918లో వరల్డ్ సిరీస్ గెలిచిన బోస్టన్ మళ్ళీ గెలవడానికి 2004 దాకా, అంటే 86 ఏళ్ళు, ఆగాల్సొచ్చింది. దానికి బాంబినో శాపమని పేరు కూడా పెట్టుకున్నారు. ఆ శాపాన్ని తల్చుకుని పెద్దాయన కళ్ళు నిజంగానే చెమర్చాయి.

అప్పుడు నేనో ప్రశ్న వేశాను: "ఇంతకీ ఆ బెట్స్‌ని ఎవరైనా అడిగారా, నీకిష్టమేనా అని?"

ముగ్గురూ నావైపు చూసిన చూపు నాకు బాగా తెలుసు. పెళ్ళిచూపుల్లో మధ్యలో నోరు విప్పిన ఆడపిల్లని అలాగే చూస్తారు. పెద్దాయన జాలిపడి, "అడగరమ్మా, బేస్‌బాల్ అంటే అంతే" అన్నాడు.

అందుకే ఈ వ్యాసం.

ఒక మార్పిడి సబబా కాదా అని లక్షలమంది వాదించుకుంటారు. ఆ వాదనల్లో వినిపించే క్రియలు చూడండి: మనం ఇచ్చాం, మనకొచ్చాడు, మనం వదిలించుకున్నాం, మనం మోసపోయాం. ఈ "మనం" ఎవరండీ? క్లబ్బులో మా తమ్ముడికి చిల్లిగవ్వ వాటా లేదు. వాడు టిక్కెట్టు కొనుక్కుని, చొక్కా కొనుక్కుని, ఎండలో కూర్చుని గొంతు చించుకునే అభిమాని. అయినా షావుకారు పక్కన కూర్చున్న గుమాస్తాలాగా, యజమానికి లాభమా నష్టమా అన్న లెక్కే వాడి లెక్క. అభిమానమంటే మనిషిమీద ఉండాలి. ఇది సరుకుమీద యావ.

ఈ మార్పిళ్ళ చరిత్రలో నవ్వొచ్చే కథలు లేకపోలేదు. "తర్వాత పేరు చెప్పబోయే ఆటగాడు" అని అక్కడొక పద్ధతుంది. ఇప్పుడు నీ ఆటగాణ్ణి తీసుకుంటాను, బదులు ఎవర్నిచ్చేదీ మెల్లిగా చెబుతానని. 1962 ఏప్రిల్‌లో క్లీవ్‌లాండ్ వాళ్ళు హ్యారీ చీటీ అనే క్యాచర్ని ఇలాగే న్యూయార్క్ మెట్స్‌కి పంపారు. జూన్‌లో మెట్స్ వాళ్ళు బదులు మనిషిని పంపించారు. ఎవరిని? ఆ హ్యారీ చీటీనే! తనకి తనే మారకం. మన పేరంటాళ్ళలో ఒకరు పెట్టిన జాకెట్టుముక్క ఊరంతా తిరిగి వాళ్ళింటికే చేరినట్టు.

జోయెల్ యంగ్‌బ్లడ్‌ది ఇంకో కథ. 1982 ఆగస్టు 4 మధ్యాహ్నం షికాగోలో మెట్స్ తరఫున ఆడి హిట్ కొట్టాడు. ఆట మధ్యలోనే పిలిచి, నిన్ను మాంట్రియల్ వాళ్ళకిచ్చేశాం, వాళ్ళు ఇవాళ ఫిలడెల్ఫియాలో ఆడుతున్నారు, వెళ్ళమన్నారు. విమానమెక్కి వెళ్ళి ఆ రాత్రి కొత్త జట్టు తరఫున ఇంకో హిట్ కొట్టాడు. ఒకే రోజు, రెండు ఊళ్ళు, రెండు జట్లు. ఆ తొందరలో షికాగోలో గ్లవ్ మర్చిపోయి మళ్ళీ వెనక్కి వెళ్ళి తెచ్చుకున్నాడట. ఈ కథ చెప్పి అందరూ నవ్వుతారు. నేనూ నవ్వాను. ఆ గ్లవ్ దగ్గరికొచ్చేసరికి నవ్వాగిపోయింది.

పోనీ, వీళ్ళు తూచే తరాజైనా నికరంగా ఉంటుందా అంటే అదీ లేదు. 1964 జూన్ 15న షికాగో కబ్స్ వాళ్ళు లూ బ్రాక్ అనే కుర్రాణ్ణి సెయింట్ లూయీ కార్డినల్స్‌కిచ్చి, ఎర్నీ బ్రోలియో అనే పిచర్ని తెచ్చుకున్నారు. ఇద్దరి వెంటా ఇంకొందరు అటూ ఇటూ మారారనుకోండి. బ్రోలియో అంతకు ముందు ఏడాదే 18 ఆటలు గెలిపించినవాడు. బ్రాక్ ఇంకా నిలదొక్కుకోని కుర్రాడు. మనమే లాభపడ్డామని ఆవేళ షికాగోలో సంబరపడ్డారు. తర్వాతేమైంది? బ్రోలియో మోచెయ్యి దెబ్బతిని ఉంది. ఆపరేషనైంది. షికాగోకి మూడు సీజన్లలో 7 గెలుపులు, 19 ఓటములు, అంతటితో సరి. బ్రాక్ అదే ఏడాది సెయింట్ లూయీ వరల్డ్ సిరీస్ గెలవడంలో పాలుపంచుకున్నాడు. 1979లో విరమించేనాటికి 938 బేసులు దొంగిలించి, 3,023 హిట్లు కొట్టాడు.

దాంతో అభిమానులు తీర్పు తిరగరాశారు. అక్కడ ఎవరు తెలివితక్కువ బేరం చేసినా "బ్రాక్‌నిచ్చి బ్రోలియోని తెచ్చుకున్నట్టు" అని సామెతయింది. చేసింది క్లబ్బు వాళ్ళు. మెచ్చుకున్నది జనం. మధ్యన చెయ్యి నొప్పితో బాధపడినవాడి ఇంటిపేరు మాత్రం అర్ధశతాబ్దంపాటు వెక్కిరింతకి మారుపేరైంది. ఇద్దరు ఆటగాళ్ళూ తర్వాత మంచి స్నేహితులయ్యారు. వాళ్ళ మధ్య తగువెన్నడూ లేదు. తగువంతా తూచేవాళ్ళది.

ఇక అసలు కథకొస్తాను. కర్ట్ ఫ్లడ్. సెయింట్ లూయీలో 12 ఏళ్ళు ఆడాడు. ఫీల్డింగ్‌లో ఏడేళ్ళు వరసగా గోల్డ్ గ్లవ్ అందుకున్న నల్లజాతి యువకుడు. 19 ఏళ్ళ వయసులో సిన్సినాటి వాళ్ళు ఒకసారి అతన్ని ఇలాగే చేతులు మార్చారు. 1969 అక్టోబరులో తెల్లారగట్ల ఫోన్ మోగింది. నిన్ను ఫిలడెల్ఫియాకిచ్చేశాం అని క్లబ్బు ఆఫీసు ఉద్యోగి ఒకాయన చెప్పాడు. యజమాని కూడా కాదు.

అభిమానుల చర్చ మామూలే. బదులుగా వస్తున్నవాడు డిక్ అలెన్, బంతిని చితక్కొట్టే మొనగాడు. ఫ్లడ్‌కి 31 ఏళ్ళు, ఇంకెన్నాళ్ళు ఆడతాడు, కాబట్టి లాభమే! లెక్కలో కూర్చోని విషయం ఒకటి జరిగింది. ఫ్లడ్ వెళ్ళనన్నాడు. 1969 డిసెంబరు 24న బేస్‌బాల్ కమిషనర్ బోవీ క్యూన్‌కి ఉత్తరం రాశాడు. నా ఇష్టంతో పనిలేకుండా కొనడానికీ అమ్మడానికీ నేను ఎవరి ఆస్తినీ కాను అన్నది దాని సారాంశం. 1970 జనవరిలో కోర్టుకెళ్ళాడు. ఏడాదికి 90,000 డాలర్లు సంపాదించే ఆటని వదులుకుని వెళ్ళాడు. విచారణలో అతని తరఫున సాక్ష్యం చెప్పడానికి ఎప్పుడో విరమించిన జాకీ రాబిన్సన్ వచ్చాడు, హాంక్ గ్రీన్‌బర్గ్ వచ్చాడు. అప్పుడు ఆడుతున్నవాళ్ళలో ఒక్కడు రాలేదు. భయం!

1972 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు 5-3 తేడాతో అతనికి వ్యతిరేకంగా తీర్పిచ్చింది. బేస్‌బాల్‌కి మాత్రం గుత్తవ్యాపార చట్టాలు వర్తించవని 1922లో ఒక తీర్పుంది. అది వింతగానే ఉందని ఒప్పుకుంటూనే, మార్చడం మా పనికాదు, కాంగ్రెస్ పని అన్నారు. ఫ్లడ్ 1971లో వాషింగ్టన్ జట్టులో 13 ఆటలాడి అలిసిపోయి వెళ్ళిపోయాడు. ఇంతాచేసి సెయింట్ లూయీ వాళ్ళు ఆ డిక్ అలెన్‌నైనా ఉంచుకున్నారా? 34 హోమ్ రన్లు కొట్టించుకుని, ఏడాది తిరక్కుండా లాస్ ఏంజిలిస్‌కి మార్చేశారు. మరి ఆ మార్పిడిలో ఎవరు గెలిచారో చెప్పండి. ఎవరు ఓడారో నేను చెప్పగలను.

అయితే ఆ ఒక్కడి మొండితనం వృథా పోలేదు. 1973లో క్లబ్బులూ ఆటగాళ్ళ సంఘమూ రాసుకున్న ఒప్పందంలో ఒక నియమం చేరింది: లీగులో పదేళ్ళు ఆడి, అందులో చివరి అయిదేళ్ళు ఒకే జట్టులో ఉన్నవాణ్ణి అతని అంగీకారం లేకుండా మార్చరాదని. 1975 డిసెంబరులో మధ్యవర్తి పీటర్ సైట్జ్ తీర్పుతో, ఒప్పందం తీరిన ఆటగాడు తనకిష్టమైన జట్టు చూసుకునే దారి తెరుచుకుంది. ఫ్లడ్ 1997 జనవరిలో పోయాడు. అతని పేరుమీద కాంగ్రెస్ చట్టం చేసింది 1998లో. మనిషి పోయాక విగ్రహం పెట్టడం మనకొక్కళ్ళకే చేతనైన విద్య అనుకునేదాన్ని.

ఇక్కడ గుంటూరబ్బాయి నన్నాపాడు. "అక్కా, బెట్స్‌కి 2020 ఒక్క ఏడాదికే 2 కోట్ల 70 లక్షల డాలర్ల జీతం. వాడిమీద జాలి దేనికి?"

జాలి కాదు నాయనా, మర్యాద. డబ్బు అతని చేతివాటానికిచ్చే ఖరీదు. అతని నోరు కట్టెయ్యడానికిచ్చేది కాదు. పట్టుచీర కట్టి, ఏడువారాల నగలూ పెట్టి పంపాం గనక పిల్లనడగక్కర్లేదని మన తాతలూ అన్నారు. ఫ్లడ్‌నీ ఆరోజుల్లో టీవీలో ఇదే అడిగారు, నీకంత జీతమొస్తోందిగా అని. జీతం బాగున్నంత మాత్రాన బానిసత్వం ఇంకోటైపోదన్నట్టు జవాబు చెప్పాడు.

"కాంట్రాక్టుమీద వాడే సంతకం పెట్టాడుగా?" అన్నాడు. పెట్టాడు. కాని 18 ఏళ్ళ కుర్రాణ్ణి డ్రాఫ్టులో ఏ క్లబ్బు పిలిస్తే ఆ క్లబ్బుతోనే మాట్లాడుకోవాలి. పై లీగులో ఆరేళ్ళ సర్వీసు నిండేదాకా వేరే క్లబ్బు గడప తొక్కడానికి లేదు. ఒకే ఒక్క సంబంధం చూపించి, ఒప్పుకుంది కదా అన్నట్టుంది. అంతా చేసి ఆ గడువు ఇంకో ఏడాదిలో తీరుతుందనగా ఇంకొకరికి అప్పగించారు.

"మార్పిళ్ళు లేకపోతే చిన్న జట్లు ఎలా బతుకుతాయి?" ఇది మా తమ్ముడు. మార్పిళ్ళు వద్దని నేననలేదు. అడిగి మార్చమన్నాను. పదేళ్ళవాణ్ణి అడిగితే కూలిపోని ఆట, అయిదేళ్ళవాణ్ణి అడిగితే మాత్రం కూలుతుందా? మన ఐ.పి.ఎల్.లోనూ ఆటగాళ్ళ మార్పిళ్ళున్నాయి. ఆటగాడి ఒప్పుకోలు ఉండాలని నియమం పెట్టుకున్నారు. అందువల్ల ఐ.పి.ఎల్. మూతపడలేదు కదా!

చివరికి నన్ను నిజంగా కలచివేసింది ఆ పెద్దాయన మాటల్లో దొర్లిన ఇంకో పేరు. జానీ డేమన్. 2004లో 86 ఏళ్ళ శాపం తీరినప్పుడు, యాంకీస్‌మీద ఏడో ఆటలో రెండు హోమ్ రన్లు కొట్టి బోస్టన్‌ని గట్టెక్కించినవాడు. ఒప్పందం తీరాక, 2005 డిసెంబరులో, తన ఇష్టంతో తను యాంకీస్‌లో చేరాడు. 2006 మే 1న బోస్టన్ వస్తే అదే మైదానంలో అదే జనం అతన్ని గేలిచేశారు. "డబ్బుకి అమ్ముడుపోయాడు" అన్నాడు పెద్దాయన, పదిహేడేళ్ళ తర్వాత కూడా ముఖం ముడుచుకుని. ఆ డేమన్ 2001లో బోస్టన్‌కొచ్చిందీ ఇలాగే, ఒప్పందం తీరిపోయి తన ఇష్టంతోనే! అప్పుడెవరికీ అది ద్రోహంగా కనబడలేదు.

చూశారా! పంపించేసినవాడు తిరిగొస్తే చప్పట్లు. తనంతట తను వెళ్ళినవాడు తిరిగొస్తే ఈసడింపులు. క్లబ్బు మారిస్తే వ్యాపారం, మనిషి మారితే ద్రోహం.

ఈ నీతి నాకు కొత్తేమీ కాదు. మా ఇంట్లో కుండమార్పిడిలో వెళ్ళిన చిన్నత్తయ్య పుట్టింటికొస్తే పసుపు కుంకుమలు, చీర, సారె, గుమ్మందాకా కన్నీళ్ళు. తనకి నచ్చినవాణ్ణి తను చూసుకుని వెళ్ళిపోయిన పెద్దత్తయ్య, తండ్రి పోయినప్పుడొస్తే వీధి తలుపు తియ్యలేదు. ఇద్దరూ ఆ ఇంటి పిల్లలే. ఇద్దరూ ఆ ఇల్లు వదిలినవాళ్ళే. ఒకర్ని పంపాం, ఒకరు వెళ్ళారు. తేడా అంతే.

ఒకసారి ఎవరూ లేనప్పుడు చిన్నత్తయ్యనడిగాను, "ఆ కుండమార్పిడిలో ఎవరికి లాభమంటావత్తయ్యా?" అని. అప్పటికావిడకి డెబ్బయ్యేళ్ళు. బియ్యంలో రాళ్ళేరుతున్న చెయ్యి ఆపి, "నన్నా అడుగుతున్నావే?" అంది. నా ప్రశ్న ఆవిడకి వినబడక కాదు. ఆ ప్రశ్న తననడగొచ్చని ఆవిడకి తెలీదు.

2025లోనూ డాడ్జర్స్ వరల్డ్ సిరీస్ గెలిచారు, బెట్స్ జట్టులో ఉండగా. ఇది మూడోది. మా తమ్ముడు ఫోన్ చేసి, "చూశావా అక్కా, ఆ మార్పిడి సబబు కాదని నేనప్పుడే చెప్పానా!" అన్నాడు. తరాజు వాడివైపు ఇంకో కాస్త మొగ్గింది మరి.

వాడికి నేను చెప్పిందే మీకూ చెబుతున్నాను. మార్పిడి సబబా కాదా అని హాయిగా వాదించుకోండి. ఆటన్నాక వాదన లేకపోతే రుచేముంది? కాని మీ లెక్కల కాగితంమీద, హోమ్ రన్లకీ జీతాలకీ ముందు, పై వరసలో ఒక గడి ఖాళీగా ఉంచండి. "ఇతన్ని అడిగారా?" అని దానిమీద రాసుకోండి. లేదని తేలితే కింది కూడికలు చెయ్యడం మానక్కర్లేదు. మనం కూడుతున్నది ఎవరి ఖాతాయో తెలిసుంటే చాలు.